నన్ను మాత్రం పాడరు

మా ఊళ్లో కార్నివాల్ మూడేళ్లకోసారి వస్తుంది. ఆ రోజు పాటగాళ్లు బండెక్కి, ఈ మూడేళ్లలో ఊరివాళ్లు చేసిన తెలివితక్కువ పనులన్నిటికీ పదాలు కట్టి పాడతారు. తాగిన మత్తులో పక్కింటి పశువులశాలలో పడుకుని, ఆవు నాకి లేపేదాకా లేవనివాడు. గొర్రె తప్పిపోయిందని ఊరివాళ్ల చేత కొండంతా వెతికించి, చివరికి తన వంటింట్లోనే దాన్ని కనుక్కున్నావిడ. ఎవ్వరినీ వదలరు. పాడించుకున్నవాళ్లు ఆ పూట మూతి ముడుచుకుంటారు, మర్నాటి నుంచి దాన్నే చెప్పుకుని మురిసిపోతారు. మా అత్తగారు ఒటిలియా పోయినప్పుడు సమాధి దగ్గర ఫాదర్ ఆమె భక్తి గురించి ఎంతసేపు మాట్లాడినా ఒక్క కన్నూ తడవలేదు. వెనక నుంచి ఎవరో ఆమె మీద కట్టిన పాత పదం మెల్లగా అందుకున్నారు. అంతే, ఊరు ఊరంతా భోరుమంది.

నన్ను మాత్రం ఒక్కసారీ పాడలేదు.

నేను పుట్టింది కనుమకు అవతలి లోయలో. ఎండాకాలం పొద్దున్నే బయల్దేరి నడిస్తే మధ్యాహ్నం భోజనం వేళకు మా పుట్టింటికి చేరిపోవచ్చు. కస్సియన్‌ను చేసుకుని ఈ ఊరొచ్చి పంతొమ్మిదేళ్లయింది. వీళ్ల చర్చిలో పాడాను, వీళ్ల దారుల్లో మంచు ఎత్తిపోశాను, మంటలార్పే దళానికి సూప్ కాచి పోశాను, మేడ మీది నాలుగు గదులూ శీతకాలం సెలవులకు వచ్చేవాళ్లకు ఇస్తూ గెస్ట్‌హౌస్ నడిపాను. ఇన్నేళ్లలో నేను ఒక్క తెలివితక్కువ పనీ చెయ్యలేదా? బోలెడు చేశాను. ఒకసారి హ్యాండ్‌బ్రేకు వెయ్యడం మర్చిపోతే కారు దానంతటది దొర్లుకుంటూ వెళ్లి చర్చి గోడకు ఆనుకుని ఆగింది. అదే ఇంకొకళ్ల కారైతే ఈపాటికి రెండు పదాలు కట్టేవాళ్లు. నాదని తెలిసి నలుగురూ కలిసి తోసుకొచ్చి మా గుమ్మం ముందు పెట్టి, "పర్లేదండీ అఫ్రా గారూ, ఈ వాలు మీకు అలవాటు లేదు కదా" అన్నారు. మా పుట్టింటి దగ్గర వాలు దీనికి రెట్టింపు!

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. నా సంగతి తిరగబడింది. ఎవరూ నవ్వలేదనే నా ఏడుపు.

కిందటి కార్నివాల్‌కు ముందు తెగించి, కావాలనే కొన్ని పిచ్చిపనులు చేశాను. ఆదివారం పూజకు గౌను తిరగేసి తొడుక్కుని వెళ్లి ముందు వరసలో కూర్చున్నాను. కస్సియన్ అక్క జీటా గబగబా వచ్చి తన శాలువా నా భుజాల మీద కప్పి, పూజ అయ్యేదాకా పక్కనే కాపలా కూర్చుంది. చర్చి పండుగలో జామ్ పెట్టకుండా బన్నులు వేయించి పంచాను. ఊరంతా ఆ ఉత్త బన్నులు ఓపిగ్గా నమిలి, "బావున్నాయండీ, మీ వైపు ఇలా చేస్తారా?" అన్నారు. మా వైపు! ఆ మాట మా అమ్మ వింటే అట్లకాడ పట్టుకుని కనుమ దిగి వచ్చేది. అంత కష్టపడినా ఆ ఏడూ నా పేరు రాలేదు. ఇంటికొచ్చి గిన్నెలన్నీ ధడేల్‌మని విసిరి కడిగాను.

ఈసారి మాత్రం నేను ప్రయత్నించకుండానే దేవుడు దారి చూపించాడు.

నాజ్ అని మా కార్నివాల్ గడ్డిమనిషి ఒకడున్నాడు. జనవరి మొదట్లో ముగ్గురు రాజుల పండుగ నాడు వాడికి కోటు, టోపీ, బూట్లు తొడిగి నిద్రలేపుతారు. అక్కణ్నుంచి కార్నివాల్ దాకా వాణ్ని ఒక ఇంటివాళ్లు కాపాడాలి. ఈసారి వంతు మాది. పద్ధతి ప్రకారం పశువులశాలలో ఉంచాలి. మా పశువులశాలలో ఇప్పుడు పశువులెక్కడివి? అతిథుల స్కీలు, తడి బూట్లు, కంపు కొట్టే మేజోళ్లు ఉన్నాయి. ఆ తేమకు గడ్డి కుళ్లిపోతుందేమోనని నా బెంగ. చివరి గది ఖాళీగా ఉంది కదా అని నాజ్‌ను మోసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి, గొంతు దాకా దుప్పటి కప్పి, టోపీ మొహం మీదికి లాగి వచ్చాను.

జనవరి నెలాఖరులో మంచు తుఫాను వస్తుందని విని, ఆ గదికి రావలసిన హాలండ్ ఆవిడ ఒకరోజు ముందే దిగింది. నేను బజారుకు వెళ్లాను. కస్సియన్ ఏమీ ఆలోచించకుండా తాళంచెవి చేతిలో పెట్టి పైకి పంపేశాడు. ఆవిడ తలుపు తీసి చూస్తే తన మంచంలో బూట్లతో సహా ఒక మగమనిషి! పిలిస్తే పలకడు, కదిపితే కదలడు. ఆవిడ తనే అందరికీ ఫోన్లు చేసింది.

నేను సంచులతో ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు కొండ రక్షణ దళం బండి, పోలీసు వెండెలిన్ జీపు, డాక్టరు కారు. పైకి పరిగెత్తాను. డాక్టరు కళ్లద్దాలు మసకబారి ఉన్నాయి. ఆయన నాజ్ మణికట్టు పట్టుకుని గడియారం వంక చూస్తున్నాడు. వెండెలిన్ తలుపుకు అడ్డంగా నిలబడి, ఎవరూ ఏదీ ముట్టుకోవద్దని గద్దిస్తున్నాడు. దళంవాళ్లిద్దరు బలమంతా పెట్టి శవాన్ని ఎత్తబోయి, బరువే లేకపోవడంతో వెనక్కి విరుచుకుపడ్డారు. అప్పుడు కోటు చేతిలోంచి గుప్పెడు గడ్డి రాలింది.

నేను మెట్ల మీదే కూలబడ్డాను. అందరూ సిగ్గనుకున్నారు. సిగ్గూ లేదు, పాడూ లేదు, సంతోషంతో నా పదం ఎలా ఉంటుందో మనసులోనే కట్టుకుంటున్నాను.

ఆ సాయంత్రం కస్సియన్ తన నాచు దుస్తులు బాగుచేసుకుంటున్నాడు. కార్నివాల్‌లో అతను అడవిమనిషి. ముసలి చెట్లకు వేలాడే నాచును ఏరుకొచ్చి, తల నుంచి కాలి దాకా కప్పేలా కుట్టుకున్నాడు.

"ఏవయ్యా, ఈసారి పాడతారంటావా?" అన్నాను.

"ఏమో."

"ఏమో ఏమిటి? పాలకేంద్రం దగ్గర కూడా ఇదే కబురట. రొట్టెల కొట్టువాడు నవ్వలేక గోడ పట్టుకున్నాడట!"

"పాడితే పాడతారు, లేకపోతే లేదు. ఆ దారం ఇలా పడెయ్."

"నీకు చీమ కుట్టినట్టయినా లేదు కదా! పెళ్లాం గొడవ పట్టదు."

కస్సియన్ నాచులోకి తల దూర్చాడు. ఆ మనిషికి మాట తక్కువని నాకు తెలుసు కాబట్టి అప్పుడు ఏమీ అనుమానించలేదు.

కార్నివాల్ రోజు ఎండ బాగా కాసింది. చర్చి ముందు కూడలి నిండా జనం. సగం మంది మావాళ్లు, సగం మంది సెలవులకొచ్చినవాళ్లు. కార్నివాల్ కోసం మళ్లీ వచ్చిన హాలండ్ ఆవిడ నన్ను వదలకుండా పట్టుకుని తిరుగుతోంది.

"ఇంత బావుంటే మూడేళ్లకోసారేమిటండీ? వారం వారం పెట్టొచ్చు కదా? మేమంతా వస్తాం" అంది.

"క్రిస్మస్ కూడా వారం వారం పెడదామా?" అన్నాను.

ఆవిడ అది కూడా మంచి ఆలోచనే అన్నట్టు తలూపింది. నాకు ఒళ్లు మండింది గానీ, ఆ రోజు ఎవరితోనూ గొడవ పెట్టుకోకూడదని పళ్లు బిగపట్టుకున్నాను.

గంటలు కట్టుకున్నవాళ్లు దూకుతూ వచ్చారు, మంత్రగత్తెలు చీపుళ్లతో జనం నెత్తిన మంచు చిమ్మారు, అడవిమనుషులు ఊగుతూ వచ్చి గోడ వారన వరసగా నిలబడ్డారు. అందరివీ ఒకే నాచు, ఒకే చెక్క మొహాలు. ముసుగు పెట్టినవాడు సాయంత్రం గంట కొట్టేదాకా నోరు తెరవకూడదు. తెరిస్తే ఆ ఏడు పంటకు కీడు. చివరికి పాటగాళ్ల బండి వచ్చింది. దాని మీద సెవెరిన్. మామూలు రోజుల్లో పాలకేంద్రంలో చీజ్ చేస్తాడు, ఈ ఒక్కరోజూ ఊరికి యముడు. అకార్డియన్ మోగగానే మొదలుపెట్టాడు:

*డాక్టరొచ్చి నాడి చూసె, గడ్డి చెయ్యి పట్టుకుని,*
*జ్వరం లేదు, భయం లేదు, పడుకోనివ్వండని!*
*మనం పోతే బయట బల్ల మీద కూచోమంటాడు,*
*గడ్డిబొమ్మ పిలిచిందంటే గసబోసుకు వస్తాడు!*

జనం గొల్లుమన్నారు. డాక్టరు మొహం కందగడ్డ అయింది. తర్వాత పోలీసు వెండెలిన్ గడ్డిబొమ్మను పేరడిగిన వైనం పాడారు. వెండెలిన్ ఎక్కడున్నాడా అని అందరూ వెతికారు. ఏ ముసుగులో ఉన్నాడో ఏమో, కనిపించలేదు. రక్షణ దళంవాళ్లు విరుచుకుపడిన తీరు పాడారు. ఇక నేనే! శాలువా సర్దుకుని, జుట్టు సవరించుకుని, జీటాను పక్కకు తోసి ముందుకొచ్చి నిలబడ్డాను. సెవెరిన్ నా వైపే చూసి, చూపు తిప్పుకుని అందుకున్నాడు:

*హాలండ్ దేశం ఆడపడుచు ఒంటరిగా వచ్చిందట,*
*మంచంలోనే దొరికినాడు మాటాడని మొగుడట!*
*అరవకమ్మా, తరమకమ్మా, అలాంటోడు దొరకడు,*
*తిండి అడగడు, తిరగబడడు, తాగి ఇంటికి రాడు!*

"నన్నేనా? నన్నే పాడుతున్నారా?" అని హాలండ్ ఆవిడ చప్పట్లు కొడుతూ గెంతింది.

ఆపైన సెవెరిన్ రొట్టెల కొట్టువాడి పొగగొట్టం కథ ఎత్తుకున్నాడు. నా కథ అయిపోయింది. వారం రోజులుండి పోయే మనిషికి పదం కట్టారు. నాకు లేదు! ఇంటికెళ్లి గిన్నెలు విసిరే ఓపిక కూడా ఇక నాలో మిగల్లేదు.

"సెవెరిన్! ఆపు!" అని అరిచాను.

అకార్డియన్ ఆగిపోయింది. మా ఊళ్లో పాటను మధ్యలో ఆపినవాళ్లు లేరు. అందరూ తిరిగి చూశారు.

"ఆ గడ్డిమనిషిని మంచంలో పడుకోబెట్టిందెవరు? దుప్పటి కప్పిందెవరు? చెప్పు!"

సెవెరిన్ టోపీ తీసి, "మీరే కదండీ అఫ్రా గారూ" అన్నాడు.

"మరి నా పదమేదీ?"

"అబ్బే, మీ మీద మాకేం కోపం లేదండీ."

"కోపం ఉన్నవాళ్లనే పాడతావా? డాక్టరు మీద నీకు కోపమా? చచ్చిపోయిన మా అత్తగారి మీద కోపమా? నాకేం తక్కువ? ఇంతమందిని కడిగి పారేశావే, నా మొహమే కనపడలేదా నీకు?"

సెవెరిన్ ఇబ్బందిగా కాళ్లు మార్చుకున్నాడు. "మా నోటికి మూత పడిందండీ. పీపా తాగాం."

పీపా అంటే ఏమిటో ఊరందరికీ తెలుసు. ఫిబ్రవరి మొదట్లో వచ్చే కొవ్వొత్తుల పండుగలోపు ఎవరైనా పాటగాళ్లకు పీపాడు సారా పంపితే, పంపినవాళ్లు కోరిన ఒక్క మనిషి ఆ పండుగదాకా చేసిన పనులేవీ పాడకూడదు. పిరికివాళ్లు చేసే పని అది. అలా చేసినట్టు తెలిస్తే తలెత్తుకోలేరు.

"ఎవరు పంపారు?"

"అది చెప్పకూడదండీ."

"ఎన్నిసార్లు పంపారు?"

సెవెరిన్ ఆకాశం వంక చూశాడు. నా వెనక నుంచి జీటా నిట్టూర్చింది.

"ఇంక దాచి ఏం లాభం? మా తమ్ముడే. సారా కాచింది నేను, బేరిపండ్లు మా పెరటివి. నువ్వొచ్చాక రెండో కార్నివాల్ నుంచీ ప్రతిసారీ ఇదే తంతు. నేను వద్దనే చెప్పాను, వింటేగా!"

పంతొమ్మిదేళ్లు ఊరంతా నన్ను వెలేసిందని కుమిలిపోయాను. ఊరు కాదు, నా మొగుడు! జనాన్ని తోసుకుంటూ నేరుగా గోడ వారన ఉన్న అడవిమనుషుల దగ్గరికి వెళ్లాను. కస్సియన్‌కు ఎడమ మోకాలు నొప్పి, ఎప్పుడూ కుడికాలి మీద బరువు వేసి నిలబడతాడు. అలా నిలబడినవాణ్ని చూసి, నాచు గుప్పిట పట్టి గుంజాను.

"ఏం పాపం చేశాను నీకు? నన్ను ఈ ఊళ్లో కలవనీయకుండా అడ్డం పడింది నువ్వా? రాత్రిళ్లు నేను ఏడుస్తుంటే పక్కన గుర్రుపెట్టి పడుకున్నావే, అప్పుడైనా చెప్పబుద్ధి కాలేదా? నీ మేజోళ్లు ఉతికాను, నీ అమ్మకు పక్క ఎత్తాను, నీ ముక్కులో వెంట్రుకలు కూడా నేనే కత్తిరిస్తున్నాను కదయ్యా! పీపాలు పంపిస్తావా? పలకవేం? ఓహో, ముసుగు! పలికితే పంటకు కీడు! ఇవాళ ఇంటికి రా, పంట సంగతి కాదు, నీ వంట సంగతి చూసుకుందువుగాని!"

అడవిమనిషి గజగజ వణికాడు. రెండు చేతులూ జోడించాడు. నేను ఇంకా గుంజుతుంటే మెల్లగా చెయ్యెత్తి, వరసలో తనకవతల రెండో మనిషి వైపు వేలు చూపించాడు.

ఆ రెండో అడవిమనిషి తేలు కుట్టిన దొంగలా ముడుచుకుపోయి, పక్కవాడి వెనక్కి జరుగుతున్నాడు. ఎడమకాలు ఈడుస్తూ.

కూడలి నవ్వుతో దద్దరిల్లింది. అలాంటి నవ్వు నేను అంతకుముందు వినలేదు. జీటా నవ్వలేక మంచులో కూర్చుండిపోయింది. ఫాదర్ జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. సెవెరిన్ కళ్లు మిలమిల మెరిశాయి.

"కొవ్వొత్తుల పండుగ ఎప్పుడో అయిపోయింది! ఇది ఇవాళ్టి సరుకు. దీనికి మూత లేదు!" అని కేకేశాడు. "ఒరేయ్, వాయించు!"

*కనుమ దాటి వచ్చె అఫ్రా, మన అఫ్రా చూడండి!*
*ఎవరి మొగుణ్నో పట్టి ఏకుతోంది రారండి!*
*ఇన్నేళ్ల కాపురమైనా మొగుడి పోలిక తెలియదట,*
*నాచు కప్పి నిలబెడితే నలుగురూ ఒకటేనట!*

ఇన్నేళ్లు కోరుకున్నది ఇదేనా అనిపించేంత మంటగా ఉంది. చెవులు కాలిపోయాయి. హాలండ్ ఆవిడ ముందు, ఫాదర్ ముందు, రొట్టెల కొట్టువాడి ముందు!

"అబద్ధం! మోకాలు చూసే పట్టుకున్నాను!" అని అరిచాను.

అరిచేసరికి ఇంకా నవ్వారు. రెండోసారి జనమంతా కలిసి పాడారు. ఎవరో నన్ను నడుం పట్టి ఎత్తి బండి మీదికి నెట్టారు, ఎవరో చేతిలో గ్లాసు పెట్టారు. రొట్టెల కొట్టువాడు వీపు మీద చరిచి, "ముక్కులో వెంట్రుకలా అఫ్రా? మా ఆవిడకూ నేర్పవే!" అన్నాడు. గ్లాసు ఒక్క గుక్కలో తాగేశాను. ఏడుస్తున్నానో దగ్గుతున్నానో నాకే తెలియలేదు.

సాయంత్రం గంట కొట్టగానే ముసుగులు ఊడాయి. నేను ఏకినవాడు పోలీసు వెండెలిన్. పొద్దున మంచులో జారిపడ్డాడట, అందుకే ఒక కాలి మీదే బరువు వేసి నిలబడ్డాడు. నన్ను చూసి అప్పుడు కూడా రెండడుగులు వెనక్కి వేశాడు. కస్సియన్ గోడ దగ్గరే ఉన్నాడు. చెక్కమొహం చంకలో పెట్టుకుని, చెమటతో తడిసి, నాచులో మునిగి.

"ఎందుకు చేశావు?" అన్నాను.

అతను నాచు పీక్కున్నాడు.

"నువ్వొచ్చిన మొదటి కార్నివాల్‌కు అమ్మను పాడారు. నువ్వు వెక్కి వెక్కి ఏడ్చావు. అమ్మను అంటేనే ఇంత బాధపడింది, రేపు తనను అంటే కనుమ దాటి పుట్టింటికి పోతుందేమో అనుకున్నాను. తర్వాత మానేద్దామనుకున్నా, ధైర్యం చాల్లేదు."

ఆ భయం పెట్టుకునా ఇన్నేళ్లూ ఈ మనిషి నా పక్కన పడుకున్నాడు?

"నేను మీ అమ్మ కోసం ఏడవలేదు కస్సియన్. ఊరంతా ఆమె పేరు పట్టుకుని నవ్వుతుంటే ఆమె నడుం మీద చేతులేసుకుని రాణీలా నిలబడింది. నన్నెప్పుడు అలా నవ్వుతారో, అసలు నవ్వుతారో లేదో అని ఏడ్చాను."

అతని మొహం పాలిపోయింది. "చెప్పొచ్చు కదా" అన్నాడు.

"అడగొచ్చు కదా!" అన్నాను.

అతన్ని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది. నాచు గుచ్చుకుంటుందని రెండూ చెయ్యలేదు.

"అఫ్రా! ఎక్కడ చచ్చావే?" అని బండి మీంచి సెవెరిన్ కేక వినిపించింది. "నీ మీద రెండో పదం కట్టడం అయింది! వస్తావా, నువ్వు లేకుండానే కానిచ్చేయమంటావా?"

"వస్తున్నా, ఆగండి!" అని అరిచి, కస్సియన్‌ను అక్కడే వదిలేశాను. నా గురించి ఇంకేం తెలుసో వీళ్లకు అనుకుంటూ, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ముందుకు వెళ్లి బండి కిందే నిలబడ్డాను.